మీద చెయ్యి చేసుకునే పెద్దవాళ్ళతో ఎట్ల నెట్టుకొస్తాండారు? కేర్ హోముల్లో డ్యూటీ చేసేవాళ్ళు చెప్పండి

తుంగభద్ర గట్టు (కర్నూలు)

నేను కర్నూల్లో ఒక ప్రైవేటు కేర్ హోంలో అటెండరుగా చేస్తాండా. మా కాడ ఉండే పెద్దోళ్ళలో మతిమరుపు జబ్బు ఉన్నోళ్ళే ఎక్కువ. ఒక పెద్దాయన బడిపంతులుగా చేసి రిటైరైనాడు. మామూలుగా నన్ను ‘అమ్మా’ అని తప్ప పిలవడు. స్నానం యాళకు మాత్రం వేరే మనిషి అయిపోతాడు. తిట్లు, గోళ్ళతో రక్కడం. మొన్న ముంజేతి మీద కొరికినాడు, రక్తం వచ్చింది. ఇంకొక అవ్వ పొద్దుగూకితే చాలు గేటు కాడికి పోతాది. అడ్డం పోయినోళ్ళను చేతికర్రతో కొడతాది.

మేనేజ్‌మెంటుకు చెప్తే ‘జబ్బు మనుషులు, సర్దుకోవాల’ అంటారు. ఇంట్లో పని మానేయమంటాండారు. నాకు మానేయాలని లేదు, ఈ పనంటే నాకిష్టం. కానీ బకెట్టు పట్టుకొని ఆ పెద్దాయన రూములోకి పోవాలంటే గుండె దడదడ కొట్టుకుంటాంది. మీరు ఎట్ల చేస్తాండారో చెప్పండి.

నర్సక్క (అనంతపురం)

చెల్లీ, ముందు నీ చెయ్యి సంగతి. మనిషి కొరికిన గాయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నోట్లో క్రిములు ఎక్కువ, చీము పట్టే అవకాశం ఉంది. కొరికిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, పొగాకు, టూత్‌పేస్టు ఏమీ పెట్టొద్దు. ఇప్పుడైనా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు. టీటీ వేయించుకో, యాంటీబయాటిక్ అవసరమా అని అడుగు. హెపటైటిస్ బి టీకా వేసుకున్నావా? మన పనిలో ఉన్నవాళ్ళందరికీ అది ఉండాలి. మొదటి డోసు తర్వాత నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి, మొత్తం మూడు. వేసుకోకపోతే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పు. ఈఎస్ఐ కార్డు ఉంటే డ్యూటీలో అయిన గాయమని రాయించుకో.

ఇప్పుడు ఆయన గురించి ఒక్క ప్రశ్న. ఎప్పటినుంచో ఇట్లాగేనా, ఈ మధ్య మొదలైందా? మనిషి రెండు మూడు రోజుల్లో మారిపోయాడంటే మతిమరుపు ముదిరిందని అనుకోవద్దు. లోపల ఇంకేదో జబ్బు ఉందని అనుమానించాలి. ముసలివాళ్ళకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరమే రాదు. తికమక, కోపం, నిద్ర లేకపోవడం మాత్రమే కనిపిస్తాయి. మలబద్ధకం కూడా అంతే, కడుపు ఉబ్బి చెప్పుకోలేక కొడతారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తిరగబడితే ముందు షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే తీపి ఇవ్వాలి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన ఎండలు తెలిసినవే కదా. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తక్కువ తాగి మతి చెదిరినవాళ్ళను శానామందిని చూశాను.

బుడ్డల చేను (అనంతపురం)

నా అనుభవం చెప్తా. మా కాడికి ఒక రైతు వచ్చినాడు, ఉరవకొండ దిక్కు మనిషి. రాత్రి ఒంటిగంట, రెండు గంటలకు లేచి కూర్చుంటాడు. చెప్పులు వెతుకుతాడు. వాకిలి కాడికి పోతాడు. ఆపితే చేతికి ఏది దొరికితే అది విసిరేస్తాడు. స్టీలు చెంబుతో ఒకతని నొసలు పగిలింది. రాత్రి డ్యూటీ అంటే అందరూ వద్దనేవాళ్ళు. మంచానికి కట్టేద్దామనేదాకా పోయింది మాట.

నేనూ చేను చేసినోణ్ణే. ఆయన లేచే టైము చూస్తే నాకు అర్థమైంది. మన దిక్కు వ్యవసాయానికి కరెంటు రాత్రి పూట ఇచ్చేది కదా. జీవితమంతా ఆ టైముకు లేచి బోరు మోటరు వేయను పోయిన మనిషి. వాకిలి మూస్తే ఆయనకు మనం చేను ఎండగొడతాండేవాళ్ళం. కోపం రాదా మరి?

ఆ రాత్రి నేను అడ్డం పోలేదు. టార్చిలైటు తీసుకొని, ‘పద మామా, నేనూ వస్తా’ అన్నా. వరండాలో స్విచ్చుబోర్డు కాడికి తోడుకొని పోయినా. ‘నువ్వే వెయ్యి’ అన్నా. వేసినాడు. లైటు వెలిగింది. ‘నీళ్ళు పడినాయి, పాదులు తడుస్తాండాయి, ఇంక పడుకుందాం’ అంటే నా భుజం మీద చెయ్యేసి వచ్చి పడుకున్నాడు. ఆ తర్వాత రాత్రి డ్యూటీ వాళ్ళందరికీ ఇదే నేర్పించినాం. ప్రతి రాత్రీ పని చేసిందని చెప్పను. కొన్ని రాత్రులు ‘బోరు ఎండిపోయింది’ అని ఏడ్చేవాడు, అప్పుడు పక్కన కూర్చోవడమే. కానీ కొట్టడం శానా తగ్గిపోయింది.

అందుకే నేను కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరి గురించి ముందు అడిగేది ఒకటే: ఈయన ఏం పని చేసినాడు, ఎన్ని గంటలకు లేచేవాడు?

దేవుని కడప (కడప)

స్నానం గురించి నేను చెప్తాను అక్కా. దెబ్బలు ఎక్కువ తగిలేది ఆ రూములోనే. ఒకసారి ఆయన వైపు నుంచి చూడండి. ముఖం గుర్తులేని ఆడమనిషి వచ్చి బట్టలు విప్పుతాంది, తల మీద చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తాంది. పంతులుగా చేసిన మనిషి, ఎదురు తిరగడా?

నేను చేసేది ఇదీ. వెనక నుంచి ఎప్పుడూ పోను. ముందు నుంచి, కళ్ళకు కనపడేట్టు పోయి, పేరు పెట్టి, పంతులు అయితే ‘సార్’ అని పలకరిస్తాను. నడుం చుట్టూ తువ్వాలు కట్టే స్నానం చేయిస్తాను. గోరువెచ్చటి నీళ్ళు ముందు ఆయన చేతి మీద పోసి ‘వేడి సరిపోయిందా సార్?’ అని అడుగుతాను. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి వస్తాను, తల చివర్లో. చెంబు ఆయన చేతికే ఇస్తే ఇంకా మంచిది, చేతిలో పని ఉంటే కొట్టను రాదు. వద్దని గట్టిగా అంటే ఆ పూట వదిలేస్తాను. తడిగుడ్డతో చంకలు, తొడల మధ్య తుడిస్తే ఆ రోజుకు చాలు. మగ అటెండరు ఉంటే డ్యూటీ మార్చమని అడగండి.

ఇంకో సంగతి. చొక్కా విప్పేటప్పుడు చెయ్యి పైకెత్తితేనే తిరగబడతాడా చూడండి. భుజం పట్టేసి ఉండొచ్చు. మా దగ్గర ఒకాయనకు అదే. డాక్టరు నొప్పి మాత్ర రాసిచ్చినాడు, దాన్ని స్నానానికి గంట ముందు ఇవ్వడం మొదలుపెట్టినాం. ముందర గుండీలుండే చొక్కాలు తెప్పించినాం. అంతే, తిట్లు కూడా ఆగిపోయినాయి.

భాష కూడా చూసుకోవాల. పెద్దదర్గా వీధి నుంచి వచ్చిన ఒక నానీ జబ్బు ముదిరేకొద్దీ తెలుగు మర్చిపోయింది, ఉర్దూ ఒకటే మిగిలింది. మేము తెలుగులో ఎంత మెల్లగా చెప్పినా ఆమెకు అరుపులే. వంటామె ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడితే అన్నం తినేది. ఆ నాలుగు మాటలు మేమందరం నేర్చుకున్నాం.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అందరికీ దండాలు. డాక్టరు కాడికి పోయొచ్చినా, టీకా మొదలుపెట్టినారు. పెద్దాయనకు ఇది కొత్త కాదు, నేను చేరినప్పటి నుంచీ ఉంది. దేవుని కడప అన్నా, మీరు భుజం అన్నాక గమనించినా. ఎడమ చెయ్యి కదిలించినప్పుడే ముఖం చిట్లిస్తాండాడు. రౌండ్సుకు వచ్చే డాక్టరుకు చెప్తా.

గేటు కాడి అవ్వ ‘ఎనుములు ఇంటికి రాలేదు’ అంటాది. ‘నీ ఎనుములు ఎప్పుడో అమ్మేసినారు’ అని మావాళ్ళు చెప్తే కర్ర ఎత్తుతాది.

బుడ్డల చేను (అనంతపురం)

అమ్మేసినారని చెప్పకండమ్మా. ఆమెకు ప్రతి సాయంత్రమూ ఆ మాట కొత్తగా వినపడుతాది, ప్రతి సాయంత్రమూ ఆమె నష్టపోతాది. ‘ఎన్ని ఎనుములు అవ్వా? ఏది ఎక్కువ పాలిచ్చేది?’ అని అడగండి. మాట్లాడిస్తా నడిపించండి. ఐదు గంటలకే, ఆ గుబులు మొదలుకాకముందే, చెనిక్కాయలు వొలిచే పని ముందర పెట్టండి. లైట్లు చీకటి పడకముందే వేయండి. నీడలు చూసి బెదిరేవాళ్ళు శానామంది.

కడప చెల్లెలు (కడప)

ఇవన్నీ మంచి మాటలే, కాదనను. కానీ నాకు కోపం వస్తాంది. రాత్రి పూట ఒక్కదాన్నే ఇరవై మందిని చూసేదాన్ని. పాదాల నుంచి స్నానం మొదలుపెట్టను, ఎనుముల కథ వినను టైము ఎవరిచ్చినారు? ఒకాయన తోసేస్తే కింద పడి మణికట్టు విరిగింది. కట్టు డబ్బులు నేనే పెట్టుకున్నా. ఆ నెల జీతంలో కోత. ‘నువ్వు సరిగ్గా మాట్లాడి ఉంటే కొట్టేవాడు కాదు’ అన్నారు. నేను ఆ పని వదిలేసినా.

జబ్బు మనిషి తప్పు కాదు, ఒప్పుకుంటా. మరి ఒక్క మనిషినే పెట్టినోళ్ళ తప్పు కాదా? దెబ్బ తిన్న ప్రతిసారీ నేనేం చేసినానో అని మనల్ని మనమే తవ్వుకోవాలా?

ఇంకోటి, ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాండా. కొందరు పెద్దమనుషులు చేతులు వేయరాని చోట వేస్తారు. కొందరికి జబ్బు వల్ల, కొందరికి బాగా తెలిసే. రెండూ మనం ఓర్చుకోవాల్సినవి కావు.

నల్లమల (కర్నూలు)

కడప చెల్లెలు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నేను సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని. మేం కూడా ఒంటరిగా ఏ రూములోకీ పోము, తిరగబడే మనిషి దగ్గరికి ఇద్దరం పోతాం.

2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం, పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ళ నుంచి కూడా ఉద్యోగికి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. పదిమంది, ఆపైన ఉంటే లోపలే కమిటీ పెట్టాలి. అంతకన్నా తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. రోగి మీద కేసు పెట్టాలని కాదు నేను చెప్పేది. డ్యూటీ మార్చడానికి, రెండో మనిషిని పెట్టించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

కట్టేయడం గురించి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్స ఇచ్చే సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. అప్పటికప్పుడు ముంచుకొచ్చే హాని ఆపడానికి ఇంకే దారీ లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో మాత్రమే కట్టాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువున్నారని కట్టకూడదు. గొలుసులు ఎవరికీ ఎప్పుడూ వేయకూడదు. ఏ హోమైనా దీన్నే కొలబద్దగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. కట్టేసిన ముసలివాళ్ళు పెనుగులాడి ఇంకా ఎక్కువ దెబ్బలు తగిలించుకుంటారు.

నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం అంతకన్నా ప్రమాదం. డాక్టరు రాయకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు. మతిమరుపు ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు (భ్రమలు, ఉద్రేకం తగ్గించడానికి ఇచ్చే మానసిక జబ్బు మందులు) ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టింది. అవసరమైతే డాక్టర్లు తక్కువ మోతాదులో, కొన్నాళ్ళకే ఇస్తారు. ఇచ్చినప్పుడు మనిషి తూలుతున్నాడా, బిగుసుకుపోతున్నాడా అని మనం చూసి చెప్పాలి.

ఒక్క సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. కొత్తగా చేరిన మగమనిషి రెండు మూడు రోజులకు చేతులు వణుకుతా, చెమటలు పడతా, లేనివి కనపడుతున్నాయని అరుస్తుంటే, తాగుడు అలవాటు ఉందా అని ఇంటివాళ్ళను అడగండి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే అట్లా వస్తుంది. ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

పెద్దకూతురు (హైదరాబాద్)

నేను డ్యూటీ మనిషిని కాదు, మా నాన్న అనంతపురంలో ఒక హోంలో ఉంటారు. ఒకటి చెప్పొచ్చా? తిరగబడే స్వభావం ఉందని చెప్తే చేర్చుకోరేమో అన్న భయంతో చాలా కుటుంబాలు ఆ విషయం దాస్తాయి. చేర్చుకునేటప్పుడే ‘ఇంట్లో ఎప్పుడు కోపం వస్తుంది, అప్పుడు మీరేం చేసేవాళ్ళు’ అని మీరు మామూలుగా అడిగితే మేం చెప్తాం. మా నాన్నకు వినికిడి మిషన్ బ్యాటరీ అయిపోతే కోపం. అందరూ గుసగుసగా తన గురించే మాట్లాడుకుంటున్నారనుకుంటారు. ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టాక ఆ హోం నుంచి నాకు ఫిర్యాదు ఫోన్లు తగ్గాయి.

హోం నడిపేవాణ్ణి (అనంతపురం)

నేను రెండో వైపు మనిషిని, అయినా రాస్తాను. రాత్రి ఇంకో మనిషిని పెట్టాలంటే ఫీజు పెంచాలి. పెంచితే ఇళ్ళవాళ్ళు మనిషిని తీసుకెళ్ళిపోతారు. ఈ లెక్క నిజమే. కానీ దెబ్బ తిన్న మనిషి జీతం కోయడం తప్పు, దానికి ఏ లెక్కా అడ్డం రాదు.

మేం పెట్టుకున్నది ఒక నోటుబుక్కు. ఎవరు కొట్టారన్నది కాదు, కొట్టకముందు ఏం జరిగింది, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు, తర్వాత ఏం చేస్తే తగ్గింది, ఇదంతా డ్యూటీ దిగేముందు రాయాలి. కొన్ని వారాలు రాస్తే వరస కనపడుతుంది. ఒకావిడ మధ్యాహ్నం టీవీ సీరియల్ పెట్టిన రోజులే అరిచేదని అట్లాగే తెలిసింది. దెబ్బ తిన్నవాళ్ళను ఆ పూట మళ్ళీ అదే రూముకు పంపం. అందరికీ హెపటైటిస్ టీకా హోం ఖర్చుతోనే వేయించాం.

కడప చెల్లెలూ, ఆ నోటుబుక్కు మీ హోంలో ఉండి ఉంటే, రాత్రి ఒక్కరే ఉన్నప్పుడే దెబ్బలు తగులుతున్నాయని కాగితం మీదే కనపడేది. యజమాని ముందర అది పెట్టండి అని ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళకు చెప్తాను.

నర్సక్క (అనంతపురం)

నంబర్లు రాసి పెట్టుకోండి. పెద్దవాళ్ళ సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. మనసు బాగలేకపోతే టెలీమానస్ 14416, రాత్రి పగలు ఎప్పుడైనా. ఆ రెండోది పెద్దవాళ్ళకే కాదు, మనకూ. దెబ్బ తిన్న రాత్రి నిద్రపట్టకపోతే, డ్యూటీ అంటే గుండె దడ వస్తుంటే, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

నోటుబుక్కు మాట మా మేనేజరుకు చూపించినా. సరే, రాయండి అన్నాడు. ఇద్దరిని పెట్టడం గురించి ఇంకా ఏమీ చెప్పలేదు, మళ్ళీ అడుగుతా.

నల్లమల సిస్టర్, ఒకటి అడగాల. జుట్టు పట్టుకున్నా, కొరికినా ఆ క్షణంలో ఏం చేయాల?

నల్లమల (కర్నూలు)

జుట్టు పట్టుకుంటే వెనక్కి గుంజుకోవద్దు, కుదుళ్ళతో వస్తుంది. నీ రెండు చేతులూ వాళ్ళ చెయ్యి మీద వేసి నీ తలకేసి గట్టిగా అదిమి పట్టు, నొప్పి తగ్గుతుంది. అట్లాగే వాళ్ళ దగ్గరికి జరిగి, రెండో మనిషిని పిలువు. వాళ్ళు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడిపిస్తారు. కొరికితే కూడా లాగొద్దు, చర్మం చీలిపోతుంది. చేతిని నోటివైపే కొంచెం నెట్టి ఉంచు, పట్టు సడలగానే తియ్యి. మణికట్టు పట్టుకుంటే వాళ్ళ బొటనవేలు ఉన్న వైపు తిప్పి లాగు, పట్టు వదులయ్యేది అక్కడే.

డ్యూటీకి జడ వద్దు, కొప్పు వేసుకో. చున్నీ మెడ చుట్టూ ఉండకూడదు, నడుముకు కట్టు. మంగళసూత్రం లోపలికి, వేలాడే కమ్మలు ఇంట్లో. గోళ్ళు నీవీ, ఆయనవీ రెండూ కత్తిరించి ఉండాలి. రూములో ఎప్పుడూ నువ్వే తలుపు వైపు నిలబడు. తలుపుకు లోపల గడియ పెట్టొద్దు.