హన్మకొండ 1984: జంగారెడ్డి గెలుపు ఎవరి ఖాతాలో వేయాలి?

ఓరుగల్లు_వాసి:
2008 పునర్విభజనలో రద్దయిన హన్మకొండ లోక్‌సభ స్థానం పేరెత్తితే చాలు, బీజేపీ మిత్రులు "1984లో దేశం మొత్తం మీద మాకొచ్చిన రెండు సీట్లలో ఒకటి అదే, అదీ పీవీని ఓడించి" అని మొదలుపెడతారు. నిజమే, రెండోది గుజరాత్‌లోని మెహసాణా. కానీ హన్మకొండలో చందుపట్ల జంగారెడ్డికి టీడీపీ మద్దతిచ్చింది కదా! రాష్ట్రంలో 42కి 30 గెలిచిన పార్టీ ఓట్లు తీసేస్తే ఆయనకు మిగిలేదెంత? నన్నడిగితే అది ఎన్టీఆర్ గెలుపే.

పరకాల_బిడ్డ:
అన్నా, అంత తేలిగ్గా తీసెయ్యకు. జంగారెడ్డి 1967లోనే, బీజేపీకి ముందున్న జనసంఘ్ తరఫున పరకాల ఎమ్మెల్యే. 1983లో టీడీపీ గాలి రాష్ట్రమంతా వీస్తుంటే, శాయంపేటలో బీజేపీ టికెట్ మీద గెలిచాడు. అప్పుడెవరి ఓట్లు అరువు తెచ్చుకున్నాడు?

కాకతీయ77:
ఇద్దరూ అసలు మనిషిని వదిలేశారు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు కేంద్ర హోంమంత్రి ఎవరు? పీవీయే. నిర్ణయం ఆయనది కాకపోవచ్చు, ఆయన మాట అంత చెల్లిందని నేనూ అనుకోను, కానీ జనం కోపానికి సొంత జిల్లాల్లో దొరికింది ఆయనే. ఇందిర హత్య తర్వాత కాంగ్రెస్ దేశమంతా 400 దాటితే, 1977లో, 1980లో ఆయన్ను గెలిపించిన హన్మకొండ ఈసారి 50 వేల పైచిలుకు ఓట్లతో ఓడించింది. మహారాష్ట్రలోని రామ్‌టెక్‌లో కూడా నిలబడ్డాడంటే గాలి ఎటుందో ఆయనకు ముందే తెలిసినట్టే. అక్కడ గెలిచాడు కాబట్టి సరిపోయింది.

ఓరుగల్లు_వాసి:
అంటే నా మాటే నిలబడింది! ఎన్టీఆర్‌ను దించిన కోపం ఎవరికి లాభం? పైగా ఆ తర్వాత బీజేపీ అక్కడ మళ్ళీ గెలిచిందా? 1989 నుంచి కాంగ్రెస్ కమాలుద్దీన్ అహ్మద్, 1998, 99లో టీడీపీ చాడ సురేశ్‌రెడ్డి, 2004లో, 2008 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ వినోద్‌కుమార్. అంతే, సీటు కూడా అయిపోయింది.

పరకాల_బిడ్డ:
పార్టీకి బలం ఉందని నేనెక్కడన్నా? మనిషికి ఉందన్నాను. ఆ గాలిలో ఊరూ పేరూ లేని అభ్యర్థిని పీవీ మీద పెట్టి ఉంటే అంత మెజారిటీ వచ్చేదా? శాయంపేట సంగతికి మాత్రం నువ్వింకా జవాబు చెప్పలేదు.