కొత్త ఆర్‌వీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఫోర్డ్ చాసిస్ (ఇంజను, చక్రాలు ఉండే కింది భాగం) మీద కట్టిన కొత్త మోటార్‌హోమ్, అంటే లోపలే నివసించే ఏర్పాట్లున్న ఆర్‌వీ బండి, కొంటున్నాము. ఏడేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీని (కంపెనీ వారంటీ ముగిశాక కూడా మరమ్మతులకు వర్తించేది) ఈ రోజే లోనులో కలిపి తీసుకోవాలని డీలరు పట్టుబడుతున్నారు. తీసుకోమంటారా?

జవాబు: తొందరపడకండి. చాసిస్‌కు ఫోర్డ్ వారంటీ 3 సంవత్సరాలు లేదా 36,000 మైళ్ల వరకు ఉంటుంది. నివాస భాగానికి చాలా కంపెనీలు ఒక్క ఏడాదే ఇస్తాయి కాబట్టి, సాధారణంగా ఆ గడువులోపు ఇతర సంస్థల ధరలు కూడా కనుక్కుని నిర్ణయించుకోవచ్చు. లోనులో కలిపితే దాని మీద కూడా వడ్డీ పడుతుంది.

మరొక జవాబు: స్లయిడ్-అవుట్లు (ఆపినప్పుడు బయటికి జరిగే గది భాగాలు), లెవలింగ్ జాక్‌లు (బండిని సమంగా నిలబెట్టేవి), జనరేటరు ఉన్న బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే అది చాలాసార్లు వేరొక సంస్థ నడిపే సర్వీస్ కాంట్రాక్టు, అంటే మరమ్మతుల ఖర్చు భరిస్తామనే ఒప్పందం. పైకప్పు సీలు విడిపోయి నీరు దిగడం వల్ల గోడలు కుళ్లిపోతే, బండిని నిజంగా పాడుచేసే ఆ నష్టం సాధారణంగా అందులోకి రాదు. ఏయే నష్టాలు వర్తించవో చెప్పే మినహాయింపులు చదవనిదే సంతకం చేయకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. కాంట్రాక్టు పూర్తి ప్రతిని ముందుగా ఇవ్వమని అడుగుతాను.