వెచ్చాల అంగళ్లు చూసి ఇల్లు తీసుకోవచ్చా? బాలాజీనగర్ పాత ఇల్లా, బైపాస్ వైపు కొత్త ఫ్లాటా?

పెన్నాతీరం
అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం నాది. బెంగళూరు నుంచి నెల్లూరుకు ట్రాన్స్‌ఫర్ అయింది. నేను, నా భార్య, అమ్మ ఉంటాం. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. అమ్మ ఇన్నాళ్లూ పొదలకూరు దగ్గర మా ఊళ్లోనే ఉండేది, ఇప్పుడు మాతో వస్తోంది.

రెండు ఇళ్లు చూశాం. ఒకటి వేదాయపాళెం దాటాక బైపాస్ వైపు కొత్త అపార్ట్‌మెంట్. లిఫ్టు, కారు పార్కింగ్, మంచి గాలి. బాడుగ 14,000. కానీ చుట్టూ ఖాళీ ప్లాట్లు. పాల ప్యాకెట్ కావాలన్నా బండి తీయాలి. రెండోది బాలాజీనగర్‌లో పాత ఇల్లు, మొదటి అంతస్తు, 12,000. పార్కింగ్ లేదు. మెట్లు దిగితే రెండు వెచ్చాల అంగళ్లు, కూరగాయల బండ్లు, పిండి మర, మందుల షాపు ఉన్నాయి. నా భార్య రెండోదే తీసుకుందామంటోంది. "వెచ్చాల కోసం ఇల్లు చూస్తారా ఎవరైనా" అని నా స్నేహితులు. మీరేమంటారు?

వేదాయపాళెం_వాసి
ఫ్లాట్ తీసుకోండి అన్నా, ఆలోచించొద్దు. నేను అటువైపే ఉంటున్నా. నెలకొకసారి కారేసుకుని సూపర్‌మార్కెట్‌కు వెళ్తే నెల సరుకంతా వచ్చేస్తుంది. కూరగాయలు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకుంటాం. ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, బరువు ఉంటుంది, చేతికి బిల్లు వస్తుంది. చిన్న అంగళ్లలో ఇప్పటికీ డబ్బాలోంచి విడి నూనె పోస్తున్నారు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం విడి నూనె అమ్మకూడదు. ఎవరు పట్టించుకుంటున్నారు? ఇల్లు అనేది రాత్రి నిద్రపోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి. ఉప్పూ పప్పూ ఎక్కడైనా దొరుకుతాయి.

ఒంగోలు_గిత్త
అంగడి తర్వాత, ముందు నీళ్లు చూడండి. మా ఒంగోలులో సాగర్ కాలువ నీళ్లతో నింపే చెరువుల మీదే బతుకు. ఇల్లు చూడ్డానికి వెళ్తే మొదట సంపు ఎంతో అడుగుతాం, కొట్లు ఆ తర్వాతే.

మాస్టారు_బాలాజీనగర్
వెచ్చాల కోసం ఇల్లు చూస్తారా అని అడిగినవాళ్లు ఇంట్లో వంట ఎవరు చేస్తారో కూడా చెప్పాలి. వంట చేసేవాళ్లకు సాయంత్రం ఆరు గంటలకు చింతపండు అయిపోతుంది. అప్పుడు కారు తీసేదెవరు?

బియ్యం సంగతే చూడండి. మా వీధిలో బస్తా కొనేముందు కిలో నమూనా ఇస్తారు. వండి చూసుకుని, అన్నం ముద్దవుతోందని చెబితే ఇంకో రకం ఇస్తారు. పాత బియ్యమా కొత్త బియ్యమా అడిగితే ఉన్నమాట చెబుతారు. పైగా అంగడిలో 26 కిలోల బస్తాకు జీఎస్టీ లేదు. సూపర్‌మార్కెట్‌లో 5 కిలోలు, 10 కిలోలు కొంటే 5 శాతం పన్ను కట్టాలి. మైపాడు నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్లు మా వీధుల్లోకి వస్తారు. అపార్ట్‌మెంట్‌లో వాళ్లను సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేస్తాడు.

ఇంకొకటి. 2021 నవంబర్‌లో పెన్నాకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ రోజుల్లో మా వీధి అంగడివాళ్లు ఉన్న సరుకును ఒక్కరికే బస్తాలు బస్తాలు ఇవ్వకుండా అందరికీ తలా కొంచెం సర్దారు. మళ్లీ చెబుతున్నా, తలా కొంచెం.

వేదాయపాళెం_వాసి
మాస్టారూ, 26 కిలోల బస్తా సూపర్‌మార్కెట్‌లో కూడా ఉంది. మీరు ఈమధ్య లోపలికి వెళ్లి చూసినట్టు లేదు. వరద ఏటా వస్తుందా?

మాస్టారు_బాలాజీనగర్
బస్తా ఉండొచ్చు. విప్పిన బస్తా వాపసు తీసుకుంటారా? అది చెప్పండి.

వేదాయపాళెం_వాసి
నేను ఎప్పుడూ వాపసు ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

మాస్టారు_బాలాజీనగర్
అడిగిందానికి జవాబు కాదది.

చిన్నబజారు
మా నాన్నది స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం హోల్‌సేల్, కాబట్టి ఈ 26 కిలోల సంగతి నేను చెబుతాను. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే ప్యాకేజీ నిబంధనల కిందికి రాదు, కాబట్టి పన్నూ లేదు. మిల్లులవాళ్లు 26కు మారింది అందుకే. దీంట్లో చిన్న అంగడి, పెద్ద అంగడి తేడా ఏమీ లేదు. 1,500 బస్తా మీద పన్ను 75 రూపాయలు. ఆ 75 కోసం ఎవరూ ఇల్లు మారరు.

అసలు చూడాల్సింది రకం. నెల్లూరు మసూరి (34449), బీపీటీ 5204 రెండూ సన్నాలే. కలిపి పోస్తే చాలామంది కనిపెట్టలేరు. బస్తా మీద బొమ్మ చూసి కొంటే తెలియదు, అమ్మేవాడి మాట నమ్మి కొనాలి. అందుకే ఎవరి దగ్గర కొంటున్నామన్నది ముఖ్యం. ఆ మనిషి చిన్న అంగడిలో ఉండొచ్చు, పెద్ద అంగడిలోనూ ఉండొచ్చు.

మాస్టారు_బాలాజీనగర్
75 రూపాయలు మీకు చిన్నవి కావచ్చు బాబూ. పింఛను మీద బతికేవాళ్లకు అది రెండు రోజుల పాలు.

కావలి_రైలు
2020 లాక్‌డౌన్ గుర్తుందా? రాష్ట్రంలో మొదటి కేసు మన నెల్లూరులోనే. పొద్దున కాసేపే అంగళ్లు తెరిచేవాళ్లు. నడిచి వెళ్లే దూరంలో అంగడి ఉన్నవాడు బతికిపోయాడు. నా ఓటు బాలాజీనగర్‌కే.

సింహపురి_గృహిణి
ఫత్తేఖాన్‌పేట రైతుబజారుకు ఏది దగ్గరో చూసుకోండి. ధరల బోర్డు ఉంటుంది, బేరం గొడవ లేదు. పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు తడి ఆరకుండా దొరుకుతాయి. మిగతావన్నీ ఎక్కడున్నా సర్దుకోవచ్చు.

వేదాయపాళెం_వాసి
అందరూ ఖాళీగా ఉండేవాళ్లలా మాట్లాడుతున్నారు. పొద్దున రైతుబజారు, సాయంత్రం వీధి చివర అంగడి, మధ్యలో చేపల బేరం. ఉద్యోగం చేసే మొగుడూ పెళ్లాలకు ఇది కుదిరే పనేనా? మాస్టారు రిటైరయ్యారు, రోజూ వెళ్తారు. అడిగినాయనకు ఆఫీసుంది. కావాలంటే ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకుంటాడు.

మాస్టారు_బాలాజీనగర్
మొగుడూ పెళ్లాలు పొద్దున పోతే రాత్రికి వస్తారు. అంతసేపూ ఇంట్లో ఉండేదెవరు? వాళ్లమ్మ. పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. పెరట్లో కరివేపాకు కోసుకున్న చేతులు. కొడుకు కారు తీస్తే తప్ప కొత్తిమీర కట్ట కూడా కొనుక్కోలేని చోట ఆమెను కూర్చోబెడతారా? దాన్ని ఇల్లంటారా, లాకప్ అంటారా?

వేదాయపాళెం_వాసి
మాట జాగ్రత్త మాస్టారూ. మా అమ్మానాన్న నాతో అలాంటి ఫ్లాట్‌లోనే ఉన్నారు. నేను వాళ్లను లాకప్‌లో పెట్టానా?

మాస్టారు_బాలాజీనగర్
మీరే ఆలోచించుకోండి.

అడ్మిన్
ఇద్దరూ ఆగండి. ఇంట్లో పెద్దవాళ్ల మీదికి పోకండి.

వేదాయపాళెం_వాసి
లేదు అడ్మిన్ గారూ, అన్నారు కాబట్టి చెప్పాల్సిందే. వీధి అంగడి గొప్పతనం నాకు చెప్పొద్దు. మా నాన్న గుమస్తా. మాకు వెచ్చాలన్నీ పద్దు మీదే వచ్చేవి. నెలాఖరుకు జీతం ఆలస్యమైతే అంగడాయన పదిమంది ముందు "పాత బాకీ తేల్చి కొత్త సరుకు అడుగు" అనేవాడు. నేను మా నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి ఉండేవాణ్ణి. ఆయన మారు మాట్లాడకుండా సంచి మడిచి చంకలో పెట్టుకునేవాడు. ఆ పద్దు పుస్తకంలో ఏం రాశారో మాకు ఎప్పుడూ చూపించలేదు. ఎంత చెబితే అంత కట్టాం.

ఇప్పుడు బిల్లు కొట్టి, డబ్బు తీసుకుని, నా మొహం కూడా చూడకుండా "నెక్స్ట్" అనే కౌంటరంటే నాకు ఇష్టం. అక్కడ మా నాన్న కూడా తలెత్తుకుని నిలబడతాడు. మీరు లాకప్ అన్న ఆ ఫ్లాట్‌లో ఆయన ఎవరికీ బాకీ లేడు.

మూలాపేట_కోడలు
తమ్ముడు చెప్పిన మాట నాకు బాగా అర్థమైంది. నేను మాస్టారి మాటతో కొంత, తమ్ముడి మాటతో కొంత ఏకీభవిస్తాను. నాకు బండి రాదు, కాబట్టి అంగడి దగ్గరలో లేకపోతే నాకు ఇల్లు గడవదు. అది నిజం. కానీ పెళ్లయిన కొత్తలో మా ఇంటి కింద అంగడామె నేను ఏం కొన్నా మా అత్తకు చేరవేసేది. రెండు పూటలు బ్రెడ్ కొంటే "కోడలు వంట చేయట్లేదా" అని అడిగేది. ప్యాడ్లు కొన్న నెలల్లా మగవాళ్లు నిలబడి ఉండగానే "ఇంకా విశేషం లేదా" అనేది. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన రోజులున్నాయి. ఇప్పటికీ నేను ఆ అంగడి దాటుకుని రెండు వీధులు అవతలికి వెళ్తాను. నడిచే దూరంలో ఉండాలి, నా సంగతులు తెలియని అంగడి కావాలి. ఆడవాళ్లకు ఈ రెండూ అవసరమే.

మాస్టారూ, అంగడివాళ్లకు మీరు తెలియడం మీకు బలం. నాకు అదే ఇబ్బంది అయింది. మీరు పెద్దవాళ్లు, మగవాళ్లు, మిమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్నలు అడగరు.

మాస్టారు_బాలాజీనగర్
అమ్మా, అలా అడగడం తప్పే. ఆ అంగడామెను నేను సమర్థించను. తమ్ముడి తండ్రిని అలా నిలబెట్టడం కూడా అన్యాయమే. అయినా నా మాట మీదే ఉన్నాను, ఎందుకో చెబుతాను.

మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. ఈ ఇల్లు అమ్మేసి వాళ్ల గేటెడ్ కమ్యూనిటీకి రమ్మని ఏడాదిగా పోరుతున్నాడు. అక్కడ అన్నీ ఫోన్‌లోనే వస్తాయట. మా ఆవిడ పోయిన తర్వాత ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు పాలకు వెళ్లలేదు. అంగడిలో పనిచేసే కుర్రాడు వచ్చి తలుపు కొట్టాడు. వాడే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మా అబ్బాయికి ఫోన్ చేసిందీ వాడే. నేను ఎవరికీ తెలియని చోట ఉండి ఉంటే ఆ తలుపు ఎవరు కొట్టేవాళ్లు? ఫోన్‌లో ఆర్డర్ రాకపోతే ఎవరైనా వెతుక్కుంటూ వస్తారా?

వేదాయపాళెం_వాసి
మీ బాధ నాకు తెలియక కాదు మాస్టారూ. మీ అబ్బాయితో జరగాల్సిన మాటలు మీరు నాతో అంటున్నారు. నేను నా తల్లిదండ్రుల్ని నా దగ్గరే ఉంచుకున్నాను. జ్వరమొస్తే తలుపు కొట్టాల్సింది అంగడి కుర్రాడు కాదు, నేను.

మాస్టారు_బాలాజీనగర్
మీరు ఆఫీసులో ఉంటారు కదా నాయనా పగలంతా.

మూలాపేట_కోడలు
మీరిద్దరూ పెన్నాతీరం గారి అమ్మ గురించి ఇంత వాదించారు. ఆమెకు ఏం కావాలో ఎవరైనా అడిగారా? పెన్నాతీరం గారూ, మీరు మొదట రాసిందాంట్లో మీ మాట ఉంది, మీ భార్య మాట ఉంది, స్నేహితుల మాట ఉంది. ఆమె మాట లేదు.

పెన్నాతీరం
నిజమే, ఇల్లు చూసుకోవడం మా ఇద్దరి పని అనుకున్నాం. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను.

మా నిమ్మతోట కౌలు డబ్బు ఆమె చేతికే వస్తుంది. ఊళ్లో ఆమె ఎవరి దగ్గరా పద్దు పెట్టలేదు, ఎప్పటికప్పుడు ఇచ్చి తెచ్చుకుంటుంది. "మీ ఇంటికొచ్చాక ఉల్లిపాయల కోసం నిన్ను డబ్బు అడగను, కోడల్నీ అడగను. నా డబ్బుతో నేను నడిచిపోయి తెచ్చుకుంటాను. మీ పేరు మీద ఖాతాలు తెరవొద్దు" అంది. లిఫ్టు సంగతి చెబితే "దిగి ఎక్కడికి పోవాలి?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

కాబట్టి ఫ్లాట్ వదిలేస్తున్నాం. కారు పార్కింగ్ పక్క వీధిలో నెలకింత అని మాట్లాడుకుంటాను. కానీ బాలాజీనగర్ ఇల్లు మొదటి అంతస్తు, మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. సంచి పట్టుకుని రోజూ ఆ మెట్లెక్కడం కష్టం. అదే చుట్టుపక్కల కింది పోర్షన్ ఏదైనా ఖాళీ ఉందా?

వేదాయపాళెం_వాసి
పద్దు వద్దన్నందుకు మీ అమ్మగారికి నా నమస్కారం. పార్కింగ్ మాత్రం ముందే ఖాయం చేసుకోండి అన్నా. ఆ వీధుల్లో రాత్రి కారు వదిలితే పొద్దున అద్దం ఉండదు.

మాస్టారు_బాలాజీనగర్
అద్దాలు పోయేంత చెడిపోలేదు మా పేట. పెన్నాతీరం గారూ, మా వీధికి రెండు వీధుల అవతల కింది పోర్షన్ ఒకటి వచ్చే నెల ఖాళీ అవుతోంది. రెండు గదులు, వంటిల్లు, వెనక బావి. ఓనరుగారు ఆషాఢంలో పాలు పొంగించనివ్వరు, కాబట్టి ఆలోపే దిగాలి. ఆదివారం అమ్మగారిని కూడా తీసుకురండి, ఆమే చూసుకుంటుంది. నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఓనరుతో మాట్లాడి ఉంచుతాను.