మన ఫొటోలో మన జుట్టు దిద్దుకుంటే తప్పా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
మా కాలేజీలో ఫొటో పోటీ పెట్టారు. ఎవరి ఫొటో వాళ్లే తీసుకోవాలి. స్టాండు మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమర్‌తో పొద్దుటి ఎండలో ఏటి ఒడ్డున తీసుకున్నాను. నాకు ఎడమ కణత పైన పేనుకొరుకుడు వచ్చి, పది రూపాయల బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. పేరుకి పేనే గానీ దానికీ పేనుకీ సంబంధం లేదట. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద పడుతుందని డాక్టరు గారు చెప్పారు. రోజూ పాపిడి మార్చి కప్పుకుంటాను, ఆ రోజు గాలికి బయటపడింది. ఫొటోషాప్‌లో పక్క జుట్టు తెచ్చి ఆ చోటు నింపేశాను. చూసిన స్నేహితురాలు "ఇది నువ్వు కాదే" అంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. తప్పు చేశానా?

గంటస్తంభం స్టూడియో, విజయనగరం:
అమ్మా, టచప్ కంప్యూటర్‌తో పుట్టలేదు. ఫొటోషాప్ వచ్చింది 1990లో. అంతకు ముందే మేం నెగెటివ్ మీద, అంటే వెలుగు నల్లగా, నీడ పలచగా పడే ఫిల్మ్ మీద, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దిద్దేవాళ్లం. ముఖం మీద ముడత నెగెటివ్‌లో పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ వేస్తే ప్రింటులో తేలికపడుతుంది. జుట్టు దగ్గర ఆ పని కుదరదు. నెరిసిన వెంట్రుక నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది కదా, దాని మీద పెన్సిల్ వేస్తే ప్రింటులో ఇంకా తెల్లబడుతుంది. అందుకని ప్రింటు తీశాకే సన్న కుంచెతో నల్లరంగు అద్దేవాళ్లం. పెళ్లిచూపుల ఫొటోల కోసం ఎందరి కణతలు నల్లబరిచానో లెక్కలేదు.
మా గురువు గారు చెప్పిన పద్ధతి ఒకటుంది: కొన్నాళ్లలో పోయేదైతే తీసెయ్, మనిషితో ఉండేదైతే ఉంచు. మొటిమ పోతుంది, పుట్టుమచ్చ ఉంటుంది. పేనుకొరుకుడు చిన్నదైతే చాలామందికి నెలల్లోనే మళ్లీ మొలుస్తుంది. కాబట్టి నువ్వు చేసింది తప్పు కాదు. పోటీ నిబంధనలు మాత్రం చూసుకో.

ఉద్దానం కొబ్బరితోట, కవిటి:
మాస్టారూ, క్షమించాలి. ఆ నల్లబరిచిన ఫొటో చూసే కదా అవతలివాళ్లు సంబంధానికి సరేనన్నారు? అది పనితనమే, కానీ దాన్ని నమ్మినవాళ్ల సంగతేంటి? ఫ్రాన్స్‌లో 2017 నుంచి ప్రకటనల్లో మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మారిస్తే 'దిద్దిన ఫొటో' అని రాసి తీరాలి. చెల్లీ, నువ్వు దిద్దడం తప్పనను. చెప్పకుండా పోటీకి పంపితే తప్పంటాను.

గంటస్తంభం స్టూడియో:
బాబూ, ఆ చట్టం ఒంటి ఆకారానికే. జుట్టు రంగు మార్చినా, చర్మం మీద మచ్చ తీసినా దాని కిందికి రాదు. ఇక పెళ్లిచూపుల మాట నిజమే. ఒకటి రెండుసార్లు నాకూ మనసొప్పలేదు, అయినా చేశాను.

పైడితల్లి ఆడపడుచు, విజయనగరం:
నా సంగతి చెప్తాను. మా అమ్మ ఆపరేషన్ గట్టెక్కితే సింహాచలంలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను, ఇచ్చాను. నెల తిరగకుండా ఇంట్లో పెళ్లి. ఆల్బమ్ వచ్చాక చూస్తే నా గుండు మీద ఒత్తుగా జుట్టు, భుజం మీద జడ! పెళ్లిఫొటోలో బాగుండదని మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఏదో ఏఐ యాప్‌తో పెట్టించాడు. నుదుటి మీద జుట్టు నీడ లేదు. కళ్లు కూడా కొంచెం మారాయి. నేను ఏడ్చాను. మా అమ్మ నా పక్కన నిలబడి ఉందంటే ఆ గుండు వల్లే అని నా నమ్మకం. దాన్నే చెరిపేశారు. నన్ను అడిగితే వద్దనేదాన్ని. మళ్లీ అడిగి అసలు ఫొటో తెప్పించి ఆల్బమ్‌లో అతికించాను.
నీది వేరు చెల్లీ. నీ తల, నీ చెయ్యి. నీకు కావాలనిపిస్తే దిద్దుకో, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను. దిద్దిన ఫొటో చూసుకున్నప్పుడు నీకు హాయిగా ఉందా?

నాగావళి గట్టు:
మీ మాట చదివి రాత్రి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను అక్కా. దిద్దినదాంట్లో జుట్టు బాగుంది, కానీ గాలి లేదు. గాలికి లేచిన వెంట్రుకలు ఆ చోటు దగ్గరే ఆగిపోయినట్టున్నాయి. నేను నింపింది అక్కడే కదా. అసలు ఫొటోలో అవి ఎండకు మెరుస్తున్నాయి. నేను చూడనే లేదు, నా కళ్లెప్పుడూ ఆ మచ్చ మీదే.
నిబంధనల కాగితం కూడా తీసి చూశాను. వెలుతురు, రంగు సరిచేసుకోవచ్చు, ఇంకేమీ చేర్చకూడదు, తీసెయ్యకూడదు అని ఉంది. అసలు ఫొటోనే పంపాను. దిద్దినది వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాను. అది తీయను.

ఉద్దానం కొబ్బరితోట:
డీపీ నీ ఇష్టం చెల్లీ, దానికి నేనేమీ అనను. పోటీ ఫలితం వచ్చాక ఆ అసలు ఫొటో ఇక్కడ పెట్టు, ఆ ఎండ చూడాలని ఉంది.