జింక్ మీద పసుపు క్రోమేట్ వేలికి అంటుకుంటోంది, మూలల్లో అసలు పట్టట్లేదు

1984 ప్రీమియర్ పద్మిని బానెట్ లాక్ బ్రాకెట్. పాత వాషర్ విప్పితే దాని కింద కంపెనీ పూత చెక్కుచెదరకుండా ఉంది: పసుపు మీద లేత ఆకుపచ్చ, గులాబీ మెరుపు. ఆ రంగే కావాలి.

ముందు కరెంటుతో జింక్ పూత, దాని మీద పసుపు క్రోమేట్ (తుప్పును ఆపే క్రోమియం పొర) వేస్తున్నాను. జింక్ బాత్ (పూత వేసే ద్రావణం) 10 లీటర్లు. లీటరుకు జింక్ క్లోరైడ్ 70 గ్రా., పొటాషియం క్లోరైడ్ 200 గ్రా., బోరిక్ యాసిడ్ 30 గ్రా., బ్రైటెనర్ (పూతకు మెరుపునిచ్చే రసాయనం). పీహెచ్ 5.4, 27 డిగ్రీలు. బ్రాకెట్ వైశాల్యం 1.5 చదరపు డెసిమీటర్లు, 3 ఆంపియర్లు, 20 నిమిషాలు. లెక్క ప్రకారం 10 మైక్రాన్లు దాటాలి. తర్వాత 0.5 శాతం నైట్రిక్ యాసిడ్‌లో 5 సెకన్లు, కడిగి హెక్సావాలెంట్ (పాత తరహా ఆరు వేలెన్సీ క్రోమియం) పసుపు క్రోమేట్ ద్రావణంలో 30 సెకన్లు. (స్ప్రింగులు, 10.9 గ్రేడు గట్టి బోల్టులు ఇందులో వేయను, హైడ్రోజన్‌తో పెళుసెక్కి విరుగుతాయి.)

జింక్ తెల్లగా, నున్నగానే వస్తోంది. క్రోమేట్ తర్వాత అంచుల్లో ముదురు గోధుమ రంగు, గుడ్డతో తుడిస్తే పొడిలా రాలుతుంది. మడత లోపల నీలిఛాయ తప్ప పసుపు లేదు.

మొదట హెయిర్ డ్రయర్‌ని అనుమానించాను, 60 డిగ్రీలు దాటితే ఈ పొర చెడుతుంది కాబట్టి. మామూలు గాలికి 24 గంటలు ఆరబెట్టినా అంతే. ముంచే సమయం 15 సెకన్లకు తగ్గిస్తే అంచులు కాస్త మెరుగుపడ్డాయి, మడత మరీ పాలిపోయింది. జింక్ బాత్‌లో ఇనుము చేరిందేమోనని దానిలో లీటరుకు 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి వడకట్టాను. తేడా లేదు.

మడతలో జింక్ పలచబడటం, క్రోమేట్ పీహెచ్ మరీ తగ్గడం: ఈ రెండింటిలో అసలు తప్పు ఏదో బాత్ మార్చకుండా తేల్చే పరీక్ష ఏమిటి?