నెప్ట్యూన్‌కి అంత నీలం ఎవరు పూశారు? సైన్స్ ఫోటోలకు రంగులు వేయొచ్చా?

చాక్‌పీస్ మాస్టారు:
మా హైస్కూల్లో గ్రహాల చార్ట్ ఒకటుంది. పదిహేనేళ్లుగా దాన్ని చూపించి "యురేనస్ లేత రంగు, నెప్ట్యూన్ సిరా నీలం" అని పిల్లలకు చెబుతున్నాను. 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పాట్రిక్ ఇర్విన్ బృందం తేల్చింది చదివాక నోట మాట రాలేదు. రెండూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ నీలమట. నెప్ట్యూన్‌లో నీలం పాలు కాస్త ఎక్కువ, అంతే. 1989లో వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌక తీసిన ఫోటోల్లో మబ్బులు, చారలు బాగా కనబడాలని రంగు పెంచారు. ఆ పెంచిన రంగే పుస్తకాలకెక్కింది. రంగు మార్చినదాన్ని ఫోటో అనకండి, బొమ్మ అనండి. నా వాదన ఇదే.

ల్యాబ్ పురుగు:
మీ లెక్కన మేం రోజూ గీసేవి బొమ్మలే మాస్టారూ! నా పని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద. కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్లు ఉంటుంది. మన కంటికి కనబడే వెలుగు తరంగం 400 దగ్గర మొదలవుతుంది. ఇక దానికి రంగేమిటి? మాకొచ్చేది నలుపు తెలుపు చిత్రమే. కణం ఏది, వైరస్ ఏది అని తెలియడానికి కంప్యూటర్లో రంగు వేస్తాం. ముగ్గులో రంగు నింపినట్టే, గీత మారదు.

చుక్కల పిచ్చోడు:
టెలిస్కోపుల్లో అయితే ఆ రంగుకీ ఒక లెక్క ఉంది. జేమ్స్ వెబ్ చూసేది ఎక్కువగా పరారుణ కాంతి, మన కంటికి ఆనదు. అందుకే పొట్టి తరంగాలకు నీలం, పొడుగు వాటికి ఎరుపు ఇస్తారు. వరస తప్పదు. పాటను ఒకటో కట్ట నుంచి నాలుగో కట్టకి మార్చినా రాగం అదే కదా!

హబుల్ 1995లో తీసిన 'సృష్టి స్తంభాల'నే తీసుకోండి, అంటే స్తంభాల్లా నిలబడ్డ వాయువు, ధూళి మేఘాలు. హైడ్రోజన్, గంధకం రెండూ నిజానికి ఎర్రగానే వెలుగుతాయి. అలాగే వదిలేస్తే అంతా ఒకే ఎరుపు, ఏది ఎక్కడుందో తెలిసేది కాదు. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు కాబట్టే విడివిడిగా కనిపించాయి.

గారెల బండి:
మరి 2019 ఏప్రిల్ 10న విడుదల చేసిన ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం ఫోటో? అది 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో తీసింది. అందులో అర్థమున్నది వెలుగు హెచ్చుతగ్గులకే. నారింజ రంగు మనుషులు ఎంచుకున్నది. పచ్చగా వేసినా సైన్స్ మారేది కాదు. కానీ ఆ రంగు చూసి మా వీధిలో అందరూ నిప్పనుకున్నారు. మా అమ్మమ్మ మాత్రం గారె అంది, ఆవిడే కాస్త నయం.

సందేహాల సుబ్బు:
ల్యాబ్ పురుగు గారూ, "గీత మారదు" అన్నారు చూడండి, అక్కడే నా పేచీ. మెదడు స్కానుల్లో గీత ఎక్కడ గీయాలో కూడా మనిషే నిర్ణయిస్తాడు. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించారు. కాకతాళీయంగా వచ్చే చుక్కలను ఏరేయడానికి చేయాల్సిన గణాంకాల సవరణ చేయకపోతే ఆ చేప మెదడులోనూ 'చురుకైన' చుక్కలు వచ్చాయి! సవరణ చేయగానే పోయాయి. హెచ్చరించడానికే చేశారనుకోండి. చచ్చిన చేపకే అలా వస్తే, పేపర్లో ఎర్ర మచ్చ చూపించి "ఇదిగో ప్రేమ ఇక్కడుంది" అంటే ఎలా నమ్మేది?

ల్యాబ్ పురుగు:
ఒప్పుకుంటున్నాను. అయితే తప్పు రంగుది కాదు, లెక్కది. రంగు ఆ తప్పును అందంగా చూపించింది.

చాక్‌పీస్ మాస్టారు:
సరే, "బొమ్మ" అన్న మాట వెనక్కి తీసుకుంటాను. అయితే నన్ను అన్నిటికంటే బాధపెట్టింది వేరే సంగతి. రంగు పెంచామని 1989లోనే ఫోటో కింద రాశారట. అచ్చు మీద అచ్చు వేసుకుంటూ వచ్చేసరికి ఫోటో మిగిలింది, కింద రాసింది పోయింది. అంటే అబద్ధం ఎవరూ చెప్పలేదు, నేను తప్ప.

నిన్న చార్ట్ మీద చీటీ అతికించాను: "మబ్బులు కనబడటానికి ఈ రంగు పెంచారు." ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మరి భూమి రంగు పెంచలేదా సార్?" అన్నాడు. ఆ ఫోటో ఎవరు తీశారో చార్ట్ మీద లేదు. సోమవారానికి జవాబు చెబుతానన్నాను. తెలిసినవాళ్లు కాస్త రాయండి.