పంపులో గులకరాళ్ల మోత, మూడో ఇంపెల్లర్ కూడా పోయింది

సెమిలిగుడ రైతు: నిన్న సాయంత్రం నుంచి పంపు దగ్గరే ఉన్నాను, బుర్ర పనిచేయడం లేదు. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోనోబ్లాక్, వాగు నుంచి క్యాబేజీ మడికి. ఆన్ చేసిన నిమిషానికి లోపల గులకరాళ్లు పోసి తిప్పినట్టు మోత. ప్రెషర్ మీటరు ముల్లు ఒకచోట నిలవదు. బేరింగులు, సీలు మార్చాను. నీళ్లను తోసే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, ఇది మూడోది. మిగతా అంతా కరెక్టుగానే ఉంది. దారి చెప్పండి.

జయపురం ఫిట్టర్: నీళ్లు బయటికెళ్లే డెలివరీ వాల్వు కొంచెం మూసి చూడు.

పర్లాకిమిడి మోటారు షాపు: గాలి పట్టింది తమ్ముడూ. నీళ్లు పీల్చే సక్షన్ పైపు జాయింట్లకు గ్రీజు రాయి.

రాయగడ రిటైర్డ్ ఇంజినీరు: గాలి పట్టడం వేరు, కేవిటేషన్ వేరు, దయచేసి కలపకండి. గాలి బయటి నుంచి దూరుతుంది. కేవిటేషన్‌లో ఇంపెల్లర్ కన్ను దగ్గర, అంటే నీళ్లు దాని లోపలికొచ్చే చోట, ఒత్తిడి పడిపోయి చల్లటి నీళ్లే ఆవిరై బుడగలు కడతాయి. ముందుకు పోయి ఒత్తిడి పెరగగానే చితికి లోహాన్ని కొరుకుతాయి. వేగం పెరిగితే ఆ బుడగల గుంపు నిలకడగా ఉండదు, ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు పరుగెత్తుతుంది. 1999 నవంబర్‌లో జపాన్ హెచ్-2 రాకెట్ పడిపోయింది ఇలాంటి దానివల్లే. హైడ్రోజన్ పంపు ముందుండే ఇండ్యూసర్ రెక్క అదురుకు అలసి విరిగింది. ఇంజిన్‌ను సముద్రం అడుగు నుంచి తీసి చూసి మరీ తేల్చారు.

పర్లాకిమిడి మోటారు షాపు: సార్, ఆయన మడి ఎండుతోంది, రాకెట్ సంగతి తర్వాత. మా వైపు రెండింటినీ గాలి పట్టడమే అంటారు.

రాయగడ రిటైర్డ్ ఇంజినీరు: పేరు తప్పితే మందూ తప్పుతుంది. గ్రీజు రాస్తే గాలి ఆగుతుంది, ఆవిరి ఆగదు.

జయపురం ఫిట్టర్: పాత ఇంపెల్లర్ ఎలా ఉంది? నీటిమట్టానికి పంపు ఎంత ఎత్తున ఉంది?

సెమిలిగుడ రైతు: రెక్కల మొదట్లో తేనెపట్టులా గుంతలు. ఎత్తు ఆరు మీటర్లు, పోయినేడు వరదకు మునిగిందని గట్టు మీదకు ఎక్కించాం. నీళ్లు ఎక్కువ వస్తాయని మోటారు వేగం మార్చే డ్రైవ్ 58 హెర్ట్జ్‌లో పెట్టాను. పంపు బావగారిది, పర్లాకిమిడిలో బాగానే తిరిగింది.

రాయగడ రిటైర్డ్ ఇంజినీరు: ఇవి మొదటే చెప్పాల్సినవి బాబూ! పంపులోకి నీళ్లను తోసేది బయటి గాలి ఒత్తిడే. పర్లాకిమిడిలో అది పది మీటర్ల నీటికి పైనే. మీరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నారు, అక్కడ తొమ్మిదీ చిల్లరే. అందులో ఆరు ఎత్తుకు పోయింది, పైపు రాపిడికీ, దాని అడుగున ఉండే ఫుట్‌వాల్వుకూ ఇంకో మీటరు అనుకోండి. మిగిలేది రెండు. బుడగలు కట్టకుండా పంపు నోటి దగ్గర ఉండాల్సిన ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, 50 నుంచి 58కి మూడో వంతు పైనే. మోటారు మీద లోడు ఒకటిన్నర రెట్లు. ముందు డ్రైవ్ దించండి, మోటారు కాలుతుంది.

జయపురం ఫిట్టర్: సక్షన్ పైపు ఒక సైజు పెంచు. పంపు కిందికి దించు. సక్షన్ వైపు వాల్వు మాత్రం ముట్టుకోకు.

సెమిలిగుడ రైతు: 45కి దించి, డెలివరీ పావు వంతు మూశాను. మోత చాలా తగ్గింది, ముల్లు నిలిచింది. నీళ్లు తక్కువొస్తున్నాయి, రాత్రి కూడా నడపాలి. పంపు దించడం వానలయ్యాకే. థాంక్స్ అందరికీ.

పర్లాకిమిడి మోటారు షాపు: ఫుట్‌వాల్వు జాలీలో నాచు ఉందేమో చూశావా?